రాముణ్ణి ఒరగేసిన నిటారు భుజం

మా ఎస్టేటు రాములవారు గుడి వదిలి వెళ్ళిపోయిన రోజున, అంతమంది కళ్ళెదుట, ఆయన్ని పల్లకిలోంచి కింద పడేయబోయిన ఘనుణ్ణి నేనే. పేరు సింహాద్రి. ఉండేది మలాయ్ దేశంలోని బటాంగ్ బెర్జుంటైలో. ఇప్పటికీ మావాళ్ళ పెళ్ళిళ్ళలో "అదిగో, ఆ పల్లకి మనిషి" అని ఎవరైనా అంటే చాలు, అందరూ తమ తమ కుడి భుజాలు సర్దుకుని మరీ నవ్వుతారు. మీరూ నవ్వండి, నేనేమీ అనుకోను. అప్పట్లో అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకునే ఓపిక కూడా లేదు.

ముందు ఏడుపు సంగతి చెప్పేస్తాను, అది లేకపోతే నవ్వు అర్థం కాదు. మేముండే ఎస్టేటు భూమి అమ్మేసినారు. రబ్బరు పోయి పామాయిల్ వచ్చినప్పుడు మావాళ్ళు కదల్లేదు. ఇప్పుడు పామాయిల్ పోయి మేడలు వస్తాయట, అవి మాకోసం కాదు. కూలీల లైను ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అయిపోయినాయి. తలుపులు ఊడదీసుకుపోయినారు, కిటికీలు ఊడదీసుకుపోయినారు, చివరికి మిగిలింది రేకుల కప్పు రామమందిరం. సముద్రం దాటి ఓడలో వచ్చి, రబ్బరు పాలు గీసుకుని బతికిన మా తాతలు కట్టుకున్న గుడి అది. దాన్నీ తీసెయ్యాలన్నారు. టౌనులో కాస్త జాగా దొరికింది గనక, సీతారామలక్ష్మణుల్ని గుడి నుంచి ఎస్టేటు గేటు దాకా పల్లకి మీద మోసి, అక్కణ్ణుంచి లారీ ఎక్కించాలని పెద్దలు నిర్ణయించినారు.

మా పల్లకికి నాలుగు కొసలు, నాలుగు కుటుంబాలు. ముందు వైపు కుడి కొస మాది. శ్రీరామనవమికి అక్కడ నిలబడేది మా నాన్న. ఆయన మోస్తుంటే దేవుడు కదిలినట్టే ఉండేది కాదు, వీధే వెనక్కి పోతున్నట్టుండేది. నేను గుంటడిగా ఉన్నప్పుడు పక్కన నడుస్తూ తలెత్తి చూసేవాణ్ణి. నా కళ్ళకి ఆయన జెండా కర్రలా నిటారుగా కనిపించేవాడు. ఆ నాన్న అంతకుముందు ఏడాదే పోయినాడు. ఈ ఒక్కసారి, ఇదే మొదటిసారి, ఇదే ఆఖరిసారి, ఆయన చోట నేను నిలబడాలి. నాకింకేమీ అక్కర్లేదు.

సరే, రిహార్సల్ అన్నారు. ఖాళీ పల్లకి బయటికి తీసినారు. రంగు వేయడానికని దాని మీదున్న గుడ్డలూ గిడ్డలూ అన్నీ పీకేసి ఉన్నాయి. నలుగురం ఎత్తినాం. ఎత్తగానే పల్లకి నావైపుకి ఒరిగిపోయింది. ముందు ఎడమ కొస పట్టుకున్నది సత్యం బావ, మా మేనత్త కొడుకు. వాడి నోటికి తాళం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

"ఒరే సింహాద్రీ, ఏటిరా ఆ భుజం? తెలుక్ ఇంటాన్‌లో ఒరిగిపోయిన గడియారం గోపురం నీకు బంధువేటి?"

"నేను సరిగ్గానే నిలబడినాను బావా. నేల పల్లంగా ఉంది."

"నేల కాదురా! నువ్వే పల్లం. అద్దంలో సూసుకున్నావా ఎప్పుడైనా? కుడి సెయ్యి మోకాలు దాకా జారిపోతన్నాది."

అందరూ నవ్వినారు. నవ్వనిది అప్పలసామి చిన్నాన్న ఒక్కడే. గుడికి పెద్ద ఆయన, వడ్రంగి పని తెలిసినవాడు, ఈ పల్లకి ఆయన చేతి మీద నడిచేదే. దగ్గరికి వచ్చి, నా భుజం మీద బెత్తె వేసి కొలిచి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయినాడు. ఆ ఏమీ అనకపోవడమే నా ప్రాణం తీసింది. వెనకనుంచి సత్యం బావ, "మా అల్లుడున్నాడు, రోజూ జిమ్ముకి పోతాడు, కర్రలా ఉంటాడు" అంటున్నాడు. అయిపోయింది, నాన్న చోటు జిమ్ము అల్లుడికి పోయిందనుకున్నాను.

ఇక్కడ తెలివైనవాడైతే చిన్నాన్న ఇంటికి వెళ్ళి "ఏటి సంగతి?" అని అడిగి, టీ తాగి వచ్చేవాడు. నాకు నలభై దాటినాయి గానీ తెలివి ఇంకా అంత దూరం రాలేదు. ఎవరికీ చెప్పకుండా భుజం సరిచేయించుకుని, ఆ రోజున అందరి నోళ్ళూ మూయించాలనుకున్నాను. ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాణ్ణి. వంకరగా పెట్టిన సరుకును ఎత్తి తిన్నగా పెట్టడమే నా పని. నన్ను నేను తిన్నగా పెట్టుకోలేనా అనిపించింది.

మొదట పెద్ద షాపింగ్ మాల్‌లో కైరోప్రాక్టర్ దగ్గరికి పోయినాను. ఏసీ, సోఫా, గోడ మీద వెన్నుపూస బొమ్మ. ఆయన నన్ను నిలబెట్టి, పడుకోబెట్టి, ఫోటో తీసి, నా ఫోటో మీదే గీతలు గీసి చూపించినాడు. మనిషి జీవితంలో అంత అవమానకరమైన ఫోటో ఇంకోటి ఉండదు.

"మీ భుజంలో ఏమీ లేదు. అసలు దోషం తుంటి ఎముకలో ఉంది" అన్నాడు.

"భుజం కిందికి ఉంటే తుంటి ఏం చేసింది డాక్టర్?"

"పునాది వంకరైతే గోడ వంకర కాదా?"

బాగానే ఉందనిపించింది. మెడ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పినాడు. మురుకుల డబ్బా మీద ఎవరో కూర్చున్నట్టు శబ్దం వచ్చింది. నేను పోయినాననుకున్నాను. కళ్ళు తెరిస్తే ఇంకా మాల్‌లోనే ఉన్నాను. "ఇంటికెళ్ళి ఐసు పెట్టండి, ఎవరిచేతా మసాజ్ మాత్రం చేయించుకోకండి" అని చెప్పి పంపినాడు.

ఆ మాట వినాల్సింది. కానీ మర్నాడు ఫ్యాక్టరీలో నా మెడ చూసిన రోస్లాన్ అనే స్నేహితుడు, వాళ్ళ కంపుంగ్‌లో, అంటే పల్లెలో, ఉరుత్ చేసే ముసలాయన ఉన్నాడన్నాడు. ఉరుత్ అంటే నూనె పట్టించి నరాలు తోమే మలాయ్ వైద్యం. పాక్ చిక్, అంటే బాబాయి, అని పిలుస్తారు ఆయన్ని. చాప మీద బోర్లా పడుకోబెట్టి, అల్లం నూనె పోసి, బొటనవేలితో వీపులో ఏదో వెతికినాడు. దొరికింది. దొరికినప్పుడు నేను పెట్టిన కేకకి పక్కింటి కోళ్ళు గూట్లోకి పోయినాయి.

"ఎముకలో ఏమీ లేదు" అన్నాడు పాక్ చిక్. "నరం ముడిపడింది. లోపల గాలి చేరింది. నీ ఎముకలు విరిచిందెవరు?"

"ఎవరూ లేరు పాక్ చిక్."

"విరిచినారు. నా వేలికి తెలుస్తుంది. చూడు, ఇప్పట్నుంచి నీకు పాంతాంగ్. చన్నీళ్ళు ముట్టకూడదు, ఐసు దగ్గరికి పోకూడదు, బరువు ఎత్తకూడదు."

పథ్యం అన్నమాట. ఒకాయన ఐసు పెట్టమంటాడు, ఒకాయన ఐసు చూడొద్దంటాడు. నేను పెద్దమనిషి పరిష్కారం చేసినాను: ఎడమ భుజానికి ఐసు, కుడి భుజానికి వేణ్ణీళ్ళ సంచి. మా ఆవిడ పార్వతి, వాళ్ళమ్మ తెలుగు, నాన్న తమిళం, కోపం మాత్రం అచ్చంగా తనదే, గుమ్మంలో నిలబడి చూసింది.

"ఎన్నంగ ఇది, ఏంటండీ? ఒకవైపు ఫ్రిజ్జు, ఒకవైపు పొయ్యి! మీ చిన్నాన్నని ఒక్క మాట అడగరాదా?"

"అడిగితే ఏమంటాడో నాకు తెలుసు."

"ఏమంటారు?"

"నువ్వు వద్దంటాడు."

పార్వతి వేణ్ణీళ్ళ సంచి మార్చి తెచ్చింది. దాని జాలి చూస్తే నాకింకా పౌరుషం వచ్చింది.

ఆ పౌరుషంతోనే చీనావాళ్ళ వైద్యుడు, సిన్సే దగ్గరికి పోయినాను. ఆయన నాలుక చాపమన్నాడు. భుజం చూపిస్తే నాలుక చూసిన మనిషిని అప్పుడే చూడటం. "మూత్రపిండాలు నీరసంగా ఉన్నాయి, అందుకే నడుం నిలబడదు" అని తేల్చి, మోచేత్తో వెన్ను పొడుగునా దున్నినాడు. తరవాత గాజు కప్పులు వీపుకి అంటించినాడు. చివర్లో భుజం మీద నల్లటి పట్టీ వేసినాడు. దాని కంపు గురించి నేను చెప్పను, మీరు తినే వేళ కావచ్చు. బస్సులో నా పక్క సీటు ఆ వారమంతా ఖాళీగానే ఉంది.

ఇంక చూడండి నా పాట్లు. మళ్ళీ మాల్ డాక్టర్ దగ్గరికి పోతే చొక్కా విప్పగానే ఆయన ఆగిపోయినాడు.

"వీపు మీద ఏమిటివి?"

"దోమలు డాక్టర్."

"ఇంత గుండ్రంగానా?"

"మా ఎస్టేటు దోమలు పెద్దవి డాక్టర్."

ఆయన నమ్మలేదు, కోపం చూపించడానికి మెడ రెండోవైపు తిప్పినాడు. పాక్ చిక్ దగ్గరికి పోతే ముక్కు మూసుకుని, "సిన్సే దగ్గరికి పోయినావు కదూ?" అన్నాడు. "లేదు పాక్ చిక్, బస్సులో ఎవరిదో అంటుకుంది" అన్నాను. ఆయన ఆ కోపం బొటనవేలితో చూపించినాడు. సిన్సే అయితే ఏమీ అడగలేదు, పాత పట్టీ మీదే ఇంకో పట్టీ వేసినాడు. ముగ్గురూ నన్ను సరిచేస్తున్నారా, నా వీపు మీద ఒకరితో ఒకరు కొట్టుకుంటున్నారా అనేది అప్పటికే తెలియకుండా పోయింది.

నాలుగో చోటు క్లినిక్‌లో ఫిజియోథెరపీ. కవిత అని చిన్న వయసు పిల్ల, తమిళ పిల్ల. రబ్బరు పట్టీ చేతికిచ్చి లాగమంది. నేను చేయించుకున్న వైద్యాల సంగతి మొత్తం విన్నది, దాచకుండా చెప్పించింది. విన్నాక నవ్వలేదు, అందుకే నాకు భయమేసింది.

"అంకుల్, ఎప్పట్నుంచి ఇలా ఉంది భుజం?"

"చిన్నప్పట్నుంచీనేమో. చూసుకోలేదు."

"నొప్పి ఉండేదా?"

"వీళ్ళ దగ్గరికి పోకముందు లేదమ్మా."

"మరెందుకు పోయినారు?"

జవాబు నాకు తెలుసు. నాన్న చోటు, రాముడు, గుడి, లారీ. చెప్పకుండా రబ్బరు పట్టీ ఇంకాస్త గట్టిగా లాగినాను. "మెల్లగా అయితే నెలలు పడుతుంది అంకుల్, ఎక్సర్‌సైజులు చెయ్యండి, మిగతావన్నీ ఆపండి" అంది. నెలలా! గుడి మీద రేకులు నెలలు ఉండేట్టు లేవు. ఆ నలుగురిలో నిజం చెప్పింది ఆ పిల్ల ఒక్కతే గనక, ఆమె మాట ఒక్కటే వినలేదు.

ఇక తరలింపుకి ముందు రోజు, నా ఒళ్ళు ఎటు తిప్పినా ఎటూ తిరగడం మానేసింది. నడుం పట్టేసింది. మావాళ్ళలో నడుం పడితే ఏం చేస్తారో మీకు తెలుసు కదా? ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళని వెతుకుతారు. తల్లి కడుపులోంచి కాళ్ళు ముందు పెట్టి వచ్చినవాళ్ళు నడుం తొక్కితే పట్టు వదులుతుందని. మా ఎస్టేటులో అలా పుట్టింది పైడమ్మ అత్త, సాక్షాత్తూ సత్యం బావ తల్లి. మనిషి నిండుగా ఉంటుంది. నాలుగు వైద్యాలు చూసినవాణ్ణి, అయిదోది చూడకుండా ఎలా ఉంటాను?

"నడుం పట్టింది అత్తా" అన్నాను. భుజం సంగతి ఎత్తలేదు.

"బోర్లా పడుకో బావూ. ఊపిరి ఒగ్గు. ఒగ్గినావా?"

"ఒగ్గినాన..."

మాట పూర్తికాలేదు. అత్త రెండు కాళ్ళతో ఎక్కేసింది. నాకు మా తాతలు వచ్చిన ఓడ కనిపించింది. లోపల ఎక్కడో ఫట్‌మని ఒక చప్పుడు. అత్త దిగి, "లెగు" అంది. లేచినాను. ఓర్నాయనో! నిటారుగా ఉన్నాను! రెండు భుజాలూ ఒక్క ఎత్తులో, మెడ తిన్నగా, ఛాతీ ముందుకి. మెడ తిరగడం లేదు, చెయ్యి లేవడం లేదు, అది వేరే సంగతి. అద్దం ముందు నిలబడి చాలాసేపు చూసుకున్నాను. నాన్నా, నీ చోటు నిలబెట్టినాను అని పైకే అనేసినాను.

దారిలో కవిత క్లినిక్ ఉంటే గొప్ప కోసం ఆగినాను. ఆ పిల్ల వేలితో ఒకసారి నొక్కి చూసి, "అంకుల్, ఇది సరికావడం కాదు. కండలన్నీ భయపడి బిగుసుకుపోయినాయి" అంది. ఓర్వలేనితనం అనుకున్నాను.

తెల్లవారింది. వాన రాలేదు గానీ ఆకాశం ఏడుపు మొహంతోనే ఉంది. ఎక్కడెక్కడో స్థిరపడిన మావాళ్ళంతా వచ్చినారు. అంత దూరం జార్జ్ టౌన్ నుంచి కూడా ఒక కారు వచ్చింది. ఖాళీ లైను ఇళ్ళ మధ్య నిలబడి, ఇది మా వంటిల్లు, ఇక్కడ మా అమ్మ పోయింది అని ఒకరికొకరు చూపించుకుంటున్నారు. పిల్లలు ఫోన్లలో తీస్తున్నారు. ముసలాళ్ళు గుడి గోడ తడుముతున్నారు. అంత దుఃఖంలోనూ నన్ను చూసినవాళ్ళంతా ఒక్క క్షణం ఆగినారు. ఆగరా మరి, నేను నడుస్తుంటే బీరువా నడిచి వస్తున్నట్టుంది.

సత్యం బావ నోరు తెరిచినాడు, మూసినాడు. ఆ ఒక్క చూపుకే పడిన పాట్లన్నీ తీరిపోయినాయి అనుకున్నాను. పల్లకి పూలతో నిండి ఉంది. కర్రలకి ఎర్ర గుడ్డ చుట్టినారు. సీతారామలక్ష్మణుల్ని కూర్చోబెట్టి, పంతులుగారు కొబ్బరికాయ కొట్టినారు. నలుగురం వంగినాం. అంటే ముగ్గురు వంగినారు, నేను మోకాళ్ళు మడిచినాను. "గోవిందా!" అన్నారు. ఎత్తినాం.

పల్లకి సత్యం బావ వైపుకి ఒరిగిపోయింది.

ఒరగడం అంటే అలాంటిలాంటి ఒరగడం కాదు. పూలన్నీ జారినాయి. సీతమ్మవారు రాములవారిని ఆనుకుంది. లక్ష్మణస్వామి, చిన్న విగ్రహం, మొత్తంగా పక్కకి వాలిపోయి పల్లకి అంచుకి తల ఆన్చినాడు. ఇంకొక్క అడుగు వేస్తే మట్టిలోకే. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. "ఓలమ్మో, సామి రానంతన్నాడు!" అని ఎవరో ఏడుపందుకున్నారు. వెళ్ళిపోయే రోజు దేవుడు పడితే అంతకంటే అరిష్టం ఉంటుందా?

"దించండి, దించండి!" అంటూ చిన్నాన్న పరుగున వచ్చినాడు. దించినాం. ఆయన నా కొస పట్టుకుని చూసి, నన్ను చూసి, మళ్ళీ కొస చూసినాడు.

"ఏటిరా నీ భుజం? మొన్న కిందికుంది కదా?"

"సరిచేయించుకున్నాను సిన్నాన్నా" అన్నాను గర్వంగా. వణుకుతూనే, గర్వంగా.

"ఎవుడు సెయ్యమన్నాడు?"

ఎర్ర గుడ్డ పక్కకి లాగినాడు. కర్ర కింద, సరిగ్గా భుజం ఆనేచోట, అరిగిపోయి నున్నబడిన చెక్క దిమ్మ ఒకటి మేకులేసి ఉంది.

"ఇది మీ నాన్న కోసం నేను సెక్కినాను. రబ్బరు పాల కావడి మోసి మోసి ఆడి కుడి భుజం కుంగిపోనాది. నీకు తెల్దేటి? పల్లకి ఆడివైపుకే ఒరిగేది. అందుకని ఈ సెక్క కొట్టినాను. రంగేసినప్పుడు తీసినాను, అందుకే ఆ రోజు నీ భుజం మీద ఒరిగింది. నీ భుజం కొలిస్తే అచ్చం ఆడి భుజమే. ఎంత సంబరపడినానో! రాత్రికే మళ్ళీ మేకులు కొట్టేసినాను."

నాన్న నిటారుగా ఉండేవాడు కాదా? కింద నుంచి చూసిన గుంటడి కళ్ళకి తెలియలేదు.

"మా అల్లుణ్ణి పిలవనా?" అన్నాడు సత్యం బావ.

"ఆడూ కర్రేగా! ఆడు పట్టుకున్నా ఇలాగే ఒరుగుతాది."

"పోనీ ఆ చెక్క పీకేద్దాం."

"పీకను" అన్నాడు చిన్నాన్న. గేటు దగ్గర లారీ హారన్ కొట్టింది. పంతులుగారు ముహూర్తం అంటున్నారు. "భుజం దించరా!" అన్నారు అందరూ. దించుదామని నేను చేయని ప్రయత్నం లేదు. అయిదు రకాల చేతులూ కాళ్ళూ కలిసి బిగించిన భుజం, ఒక్క వెంట్రుక దిగలేదు. పైడమ్మ అత్త కొంగు బిగించి, "పడుకో బావూ, మళ్ళీ తొక్కుతాను" అంది. గుడి ముందు, దేవుడి ముందు, ఆ ఏడుపుల మధ్య జనం నవ్వడం మొదలుపెట్టినారు.

చిన్నాన్న మాత్రం నా దగ్గరికి వచ్చి, మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"ఆఖరిసారి మీ నాన్న భుజం మీద సామి పోతాడనుకున్నాన్రా. నువ్వేమో ఇంకెవుడి భుజమో తొడుక్కుని వచ్చినావు."

అంతే. నాన్న పోయినప్పుడు కూడా నేను ఏడవలేదు. పనులున్నాయి, జనం ఉన్నారు. అప్పుడు ఆగినదంతా ఇప్పుడు ఒక్కసారి వచ్చేసింది. కర్ర కింద భుజం పెట్టి, ఆ నున్నటి చెక్క తగలగానే, వెక్కి వెక్కి ఏడ్చినాను. ఏడుస్తుంటే మెడ వదిలింది, నడుం వదిలింది, కుడి భుజం దానంతటది మెల్లగా కిందికి దిగిపోయింది. "ఎత్తండి!" అన్నాడు చిన్నాన్న. ఎత్తినాం. పల్లకి బల్ల మీద పెట్టినట్టు నిలబడింది.

"అదీ! అలాగే ఏడు!" అని అరిచినాడు సత్యం బావ. "లారీ దాకా ఆపకు! ఒరే, ఆడి ఏడుపు ఎవరూ ఆపకండ్రా!"

ముక్కు చీదుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. గేటు దాకా ఏడుస్తూనే మోసినాను. మధ్యలో ఒకసారి ఏడుపు తగ్గి భుజం లేవబోతే, పక్కన నడుస్తున్న పార్వతి, "మామయ్యగారు మిమ్మల్ని సైకిల్ మీద స్కూలుకి తీసుకెళ్ళేవారు కదా" అని గుర్తుచేసి మళ్ళీ దింపింది. రాములవారు ఒక్క పువ్వు కూడా జారకుండా లారీ ఎక్కినారు. వెనక రేకుల గుడి ఖాళీగా ఉండిపోయింది. ఆ తర్వాత అది కూడా లేదు.

టౌనులో కొత్త గుడి కట్టినారు, టైల్సు వేసినారు. శ్రీరామనవమికి చక్రాల రథం, నలుగురు పిల్లలు తోస్తే పోతుంది. భుజాలతో ఎవరికీ పని లేదు. పల్లకి సామాను గదిలో ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా తాళం అడిగి, ఆ చెక్క మీద చెయ్యి వేసి వస్తాను.

కాబట్టి బటాంగ్ బెర్జుంటై నివాసి, ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు సింహాద్రి అనే నేను, సీతారామలక్ష్మణుల సాక్షిగా, పైడమ్మ అత్త పాదాల సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: నా కుడి భుజాన్ని ఇకమీదట ఏ డాక్టరుకీ, ఏ పాక్ చిక్‌కీ, ఏ సిన్సేకీ, ఎదురుకాళ్ళతో పుట్టిన ఏ బంధువుకీ అప్పగించను. ఎవరైనా నన్ను చూసి నిటారుగా నిలబడమంటే, ఇది మా నాన్న ఎత్తు అని చెప్పి, వంకరగానే నిలబడతాను.